రెండెకరాలు అమ్మి గ్లోబల్ అఫైర్స్ చదవాలా?

ఈ మధ్య మనవాళ్ల ఇండ్లల్లో ఒక కొత్త మాట వినపడుతున్నది. ఎమ్మెస్ కాదు, ఎంబీయే కాదు, "గ్లోబల్ అఫైర్స్"లో మాస్టర్స్. గత మూడు నెలల్లో దీని గురించి నన్ను అడిగినవాళ్లు నలుగురు. ఇద్దరు ఇక్కడే పుట్టి పెరిగిన మిత్రుల పిల్లలు. ఒకాయన నాలాగే నలభైకి దగ్గరపడి, పదిహేనేండ్లు కోడ్ రాసి రాసి విసిగిన కన్సల్టెంట్. నాలుగోవాడు మా మేనల్లుడు. వరంగల్‌లో ఇంజనీరింగ్ చేసి, హైదరాబాద్‌లో మూడేండ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో ఉన్నాడు. "ఎందుకురా ఇది?" అంటే "యూఎన్‌ల పని చెయ్యాలనుంది మామా" అన్నాడు. యూఎన్‌లో ఏ పని అంటే చెప్పలేకపోయాడు. వాళ్ల నాయన, అంటే మా బావ, అప్పటికే జగిత్యాల పక్కన ఉన్న రెండెకరాలకు బేరం పెట్టాడు.

నలుగురికీ నాలుగు రకాల జవాబులు చెప్పాల్సి వచ్చింది. అదే డిగ్రీ, అదే స్కూలు అయినా చేతిలో ఏ పాస్‌పోర్టు ఉన్నది, ఇంట్లో ఎంత ఉన్నది, మనసులో ఏ ప్రశ్న ఉన్నది అన్నదాన్ని బట్టి ఒకరికి వరం, ఇంకొకరికి అప్పుల కుప్ప. కానీ మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: "ర్యాంకు ఎంత?" ఎంసెట్ అంటించిన జబ్బు అది. సముద్రాలు దాటినా పోలేదు.

ఈ చదువుకు నేను వ్యతిరేకిని కాను. ఇలాంటి చదువు చదివినవాళ్లు మనలో లేకపోవడం ఎంత లోటో మనకన్నా బాగా తెలిసినవాళ్లు ఎవరున్నారు? శ్రీకృష్ణ కమిటీ నివేదికను 2011 జనవరి 6న బయటపెట్టిన రాత్రి మనలో ఎంతమందిమి నిద్రపోలేదో గుర్తు చేసుకోండి. ఆరు మార్గాలు, వందల పేజీలు, వాటి నిండా పట్టికలు. మనలో అందరికీ ఎక్సెల్ వచ్చు, డేటాబేస్ వచ్చు. కానీ ఒక సగటుతో ఎన్ని రకాల కథలు చెప్పవచ్చో అప్పుడే నేర్చుకున్నాం. హైదరాబాద్‌ను కలిపి తెలంగాణ సగటు తీస్తే ఒక కథ, హైదరాబాద్‌ను పక్కన పెట్టి తీస్తే ఇంకో కథ. నీళ్ల సంగతి అయితే ఆర్. విద్యాసాగర్ రావు గారు లేకపోతే మనలో సగం మందికి టీఎంసీ అంటే ఏమిటో కూడా తెలిసేది కాదు. ఆయన కూడా ఇంజనీరే. కానీ కేంద్ర జల సంఘంలో పనిచేసి, ట్రిబ్యునల్ తీర్పు చదివి, దాన్ని మామూలు మనిషికి అర్థమయ్యేటట్టు చెప్పగలిగిన ఇంజనీరు. జయశంకర్ సారు ఆర్థికశాస్త్రం చదివినవారు. ఉద్యమానికి వెన్నెముకగా నిలిచిన లెక్కలన్నీ ఇట్లాంటి పెద్దవాళ్లు కూర్చినవే. మనం వాటిని ఫార్వర్డ్ చేశాం.

2013లో కేంద్ర మంత్రుల బృందం 11 అంశాల మీద అభిప్రాయాలు పంపమన్నప్పుడు ఏం జరిగిందో చూడండి. ముసాయిదాలు సరిచూసే పని కొంత నా మీద పడ్డది. ఇరవై పేజీల ఉత్తరాలు వచ్చాయి. మొదటి పన్నెండు పేజీలు 1956 పెద్దమనుషుల ఒప్పందం నుంచి 610 జీవో దాకా చరిత్ర. వాళ్లు అడిగింది అప్పుల పంపకం ఎట్లా, 371-డి ఏం చేయాలి, నదుల మీద ఏ ఏర్పాటు ఉండాలి అని. ఆవేశం న్యాయమైనదే, చరిత్ర నిజమే. కానీ ఢిల్లీలో ఒక అధికారి బల్ల మీదికి చేరి, ఆయన పది నిమిషాల్లో చదివి పైకి పంపగలిగే కాగితం వేరే. సమస్య ఒక పేరా, మార్గాలు మూడు, ఒక్కోదానికి ఖర్చెంత, ఎవరికి నష్టం, మేము ఏది కోరుతున్నాం, ఎందుకు. అంతా రెండు పేజీలు. అది రాయగలిగినవాళ్లు మన జాబితాలో ఇద్దరో ముగ్గురో తేలారు.

ఈ ప్రొఫెషనల్ స్కూళ్లు రెండేండ్ల పాటు ప్రధానంగా నేర్పేది ఆ రెండు పేజీలే. వింటే చిన్నతనంగా ఉంటుంది గానీ అదే నిజం. ఆర్థికశాస్త్రం, గణాంకాలు, బడ్జెట్ చదవడం, చర్చలు జరపడం, ఒక ప్రాంతాన్నో ఒక సమస్యనో లోతుగా తెలుసుకోవడం, మధ్యలో ఒక వేసవి ఎక్కడన్నా ఇంటర్న్‌షిప్. ఇవన్నీ చివరికి ఆ మెమోలో తేలాలి. ఇది పీహెచ్‌డీకి మెట్టు కాదు. సిద్ధాంతాలు చర్చించే యూనివర్సిటీ ఎంఏ వేరు, ఇది వేరు. జార్జ్‌టౌన్‌లో విదేశీ సేవల స్కూలు 1919లో పెట్టారు, టఫ్ట్స్‌లో ఫ్లెచర్ 1933లో, జాన్స్ హాప్కిన్స్ వాళ్ల సైస్ 1943లో, కొలంబియాలో సీపా 1946లో. ఆ సంవత్సరాలు చూస్తేనే తెలుస్తుంది. రెండు ప్రపంచ యుద్ధాల ముందూ వెనకా, ప్రపంచాన్ని నడపడానికి అమెరికాకు మనుషులు కావాల్సి వచ్చినప్పుడు పుట్టిన స్కూళ్లు ఇవి. వాళ్ల అవసరం కోసం వాళ్లు కట్టుకున్నారు. మనం అందులో చేరేటప్పుడు మన అవసరం ఏమిటో మనకు తెలిసి ఉండాలి.

అందుకే నేను మొదట అడిగేది: నీ ప్రశ్న ఏమిటి?

నీ ప్రశ్న మన రాష్ట్రం గురించి అయితే, అంటే బడ్జెట్, బళ్లు, దవాఖానలు, చెరువులు, కరెంటు, అప్పుడు నీకు కావాల్సింది గ్లోబల్ అఫైర్స్ కాదు, పబ్లిక్ పాలసీ. రెండూ ఒకే భవనంలో, ఒకే బ్రోషర్‌లో ఉండవచ్చు. కొలంబియాలో ఎంఐఏ, ఎంపీఏ పక్కపక్కనే ఉంటాయి. ఎంఐఏకి రెండో భాష రావాలి, ఎంపీఏకి అక్కర్లేదు. పేరు చూసి "గ్లోబల్" అన్నది పెద్దదనుకుని దాంట్లో చేరితే, రెండేండ్లు అణ్వాయుధాల ఒప్పందాలు, నాటో విస్తరణ చదివి, కరీంనగర్ జిల్లా పరిషత్ లెక్కలు చదవడం రాకుండా బయటికి వస్తావు.

కానీ కొన్ని ప్రశ్నలు ఊర్లో మొదలై దేశాలు దాటుతాయి. మనకు అట్లాంటిది ఒకటి ఉన్నది. దాని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ చదువు మనకు నిజంగా అక్కరకు వచ్చే చోటు అదే అని నా నమ్మకం.

గల్ఫ్. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల్లో దుబాయికో సౌదీకో మనిషి పోని ఊరు దొరకదు. 2013 నవంబర్ 3న సౌదీలో నితాఖాత్ గడువు ముగిసింది. కాగితాలు సరిగా లేనివాళ్లు వేల మంది సంచులు సర్దుకొని తిరిగొచ్చారు. మా ఊరి మనిషి ఒకాయన అక్కడ ఒక కంపెనీ క్యాంపులో నిద్రలో చనిపోతే శవం శంషాబాద్ చేరడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నర ఆయన భార్య రోజూ ఫోన్ చేసేది. ఎవరికి చేయాలో తెలియక, అమెరికాలో ఉన్నానని నాకు చేసేది. నేను ఇక్కడి నుంచి ఎవరెవరికో ఈమెయిళ్లు పెట్టాను. మనవాళ్లు చందాలు వేశారు. చందాలు వేయడం మనకు బాగా వచ్చు. కానీ ఆ శవం ఎందుకు ఆగింది? ఏ కాగితం ఎవరి దగ్గర ఆగింది? ఏ ఒప్పందం ఉంటే ఆగేది కాదు? ఇవి అడగగలిగినవాడు, అడిగి జవాబు రాబట్టగలిగినవాడు కావాలి.

ఫిలిప్పీన్స్ సంగతి చూడండి. వాళ్లూ పేద దేశమే, వాళ్లూ కూలీలను పంపే దేశమే. 1995 మార్చిలో సింగపూర్‌లో ఫ్లోర్ కాంటెంప్లాసియన్ అనే పనిమనిషిని హత్య కేసులో ఉరి తీశారు. దేశం భగ్గుమన్నది. ఆ కోపాన్ని వాళ్లు ధర్నాలతోనే ఆపలేదు. మూడు నెలలు తిరక్కుండానే వలస కార్మికుల చట్టం తెచ్చారు. వలస కార్మికుల హక్కుల మీద 1990లో ఐక్యరాజ్య సమితి చేసిన ఒడంబడికను అదే ఏడాది ఆమోదించారు. మన దేశం ఇప్పటికీ ఆమోదించలేదు. పోయే ప్రతి మనిషికీ ఒక ప్రామాణిక కాంట్రాక్టు ఉండాలన్నారు. ఇంటిపని చేసేవాళ్లకు నెలకు 400 డాలర్ల కనీస జీతం ఉండాలని 2006లో నిర్ణయించారు. అవన్నీ అమలవుతున్నాయా అంటే అన్నీ కావు. అయినా మన మనిషికీ వాళ్ల మనిషికీ ఒకే ఇంట్లో ఒకే పనికి వేర్వేరు జీతాలు ఎందుకో గల్ఫ్‌లో ఉన్న మిత్రులను అడిగితే చెప్తారు. మనకు ఉన్నది 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం. పదో తరగతి పాస్ కానివాడి పాస్‌పోర్టు మీద ఒక ముద్ర, దాని చుట్టూ ఒక ఏజెంట్ల బజారు.

ఆ 400 డాలర్ల అంకె ఎట్లా వచ్చింది, అవతలి దేశం ఒప్పుకోకపోతే పోయే ఉద్యోగాలెన్ని, వచ్చే డబ్బు ఎంత తగ్గుతుంది అన్న లెక్క ఎవరో ఒకరు కూర్చొని వేశారు. మన ఊర్ల నుంచి పోయిన పిల్లల్లో ఒక్కరన్నా ఆ లెక్క వేయడం నేర్చుకుంటానంటే, గ్లోబల్ అఫైర్స్ చదవమని నేనే దరఖాస్తు ఫీజు కడతాను. వలసలు, కార్మిక ఒప్పందాలు, అంతర్జాతీయ న్యాయం ప్రత్యేకంగా తీసుకోవాలి. అరబిక్ నేర్చుకోవాలి.

గల్ఫ్ మాటే ఎందుకు, మన జేబుల సంగతి చూసుకుందాం. ఇక్కడ హెచ్-1బీ మీద పనిచేసే ప్రతివాడూ జీతంలో 6.2 శాతం సోషల్ సెక్యూరిటీకి కడుతున్నాడు. పదేండ్లు నిండకముందే తిరిగిపోతే ఆ పింఛనుకు అర్హత లేదు. మన దేశం బెల్జియంతో 2006లోనే ఈ విషయమై ఒప్పందం చేసుకున్నది, ఆ తర్వాత జర్మనీ, ఫ్రాన్స్ లాంటి దేశాలతోనూ. అమెరికాతో ఇప్పటికీ లేదు. ఇన్ని తెలుగు సంఘాలు, ఇన్ని మహాసభలు ఉన్నాయి, ఏ వేదిక మీదైనా ఈ ఒక్క విషయం మీద పద్ధతైన పత్రం చదివినట్టు నాకు గుర్తు లేదు. సినిమావాళ్ల నృత్యాలు మాత్రం గుర్తున్నాయి.

నీళ్లు కూడా అంతే. నది నీళ్లను రాష్ట్రాల మధ్య న్యాయంగా పంచాలన్న సూత్రం మన ట్రిబ్యునళ్లు గాలిలోంచి తీసుకున్నది కాదు. ఆర్కాన్సా నది మీద కాన్సాస్, కొలరాడో కొట్లాడితే అమెరికా సుప్రీంకోర్టు 1907లో ఇచ్చిన తీర్పు దానికి పునాదుల్లో ఒకటి. కృష్ణా మీద రెండు రాష్ట్రాలు, పైన ఇంకో రెండు. ఈ విద్య వచ్చినవాళ్ల అవసరం తగ్గేది కాదు.

సరే, ప్రశ్న ఉన్నది. ఇప్పుడు పాస్‌పోర్టు సంగతి. బ్రోషర్లలో ఈ మాట ఎక్కడా కనపడదు.

ఈ స్కూళ్ల గోడల మీద వేలాడే ఫోటోల్లో ఎక్కువ మంది వెళ్లేది అమెరికా ప్రభుత్వంలోకి. విదేశాంగ శాఖ, రక్షణ శాఖ, గూఢచారి సంస్థలు, వాటికి పనిచేసిపెట్టే కాంట్రాక్టు కంపెనీలు. అమెరికా పౌరుడు కానివాడికి ఆ తలుపులు మూసే ఉంటాయి. మిగిలింది అంతర్జాతీయ సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, పరిశోధనా సంస్థలు, ప్రైవేటు కంపెనీలు. స్వచ్ఛంద సంస్థలు చాలావరకు వీసా ఖర్చు పెట్టుకోవు. ఎమ్మెస్ కంప్యూటర్స్ చేసినవాడికి 2013లో ఓపీటీ 12 నెలలు, పైన 17 నెలలు, మొత్తం 29 ఉండేది. గ్లోబల్ అఫైర్స్ చేసినవాడికి సాధారణంగా 12 నెలలే ఉండేది, ఎందుకంటే అప్పుడు ఇది స్టెమ్ జాబితాలో లేదు. ఆ 12 నెలల్లో ఉద్యోగం దొరకాలి, ఆ యజమాని హెచ్-1బీ వేయాలి, అది లాటరీలో తగలాలి. 2013 ఏప్రిల్‌లో మొదటి వారంలోనే కోటా నిండి లాటరీ తీసిన సంగతి మనకు తెలిసిందే. యూనివర్సిటీలు, వాటి అనుబంధ సంస్థలు, లాభాపేక్ష లేని పరిశోధనా సంస్థలకు ఆ కోటా వర్తించదు, అది ఒక దారి. ప్రపంచ బ్యాంకు, యూఎన్ ఉద్యోగులకు వేరే వీసా, జీ-4.

యూఎన్ అన్న కల గురించి కూడా చెప్పాలి. దాని యువ ఉద్యోగుల పరీక్షకు వయసు 32 దాటకూడదు. డిగ్రీ ఉంటే చాలు, మాస్టర్స్ అక్కర్లేదు. ఏ ఏడాది ఏ దేశాల వాళ్లు రాయవచ్చో వాళ్లే జాబితా ఇస్తారు. ప్రపంచ బ్యాంకు యంగ్ ప్రొఫెషనల్స్‌కూ 32 ఏండ్లే గడువు, అక్కడ మాస్టర్స్ తప్పనిసరి, ఆపైన అనుభవం. మా మేనల్లుడికి ఇప్పుడు 25. లెక్క వాడే వేసుకోవచ్చు.

ఒక పేరున్న స్కూలు సమాచార సమావేశానికి నేను పోయినప్పుడు లేచి అడిగాను: మీ విదేశీ విద్యార్థుల్లో ఈ దేశంలో ఉద్యోగం దొరికినవాళ్లు ఎందరు? మొత్తం బ్యాచ్ లెక్క చెప్పింది ఆ అమ్మాయి, చిరునవ్వుతో. విడిగా ఉందా అంటే తర్వాత మెయిల్ చేస్తానన్నది. ఆ మెయిల్ ఇంకా రాలేదు. మీరు దరఖాస్తు పెట్టే ప్రతి స్కూలునూ ఈ ప్రశ్న రాతపూర్వకంగా అడగండి. జవాబు ఇచ్చినవాళ్ల మీద మీకు గౌరవం పెరుగుతుంది, ఇవ్వనివాళ్ల సంగతి మీకు తెలిసిపోతుంది.

ఇక పైసలు. న్యూయార్క్, వాషింగ్టన్, బోస్టన్‌ల ప్రైవేటు స్కూళ్లలో రెండేండ్లకు ఫీజు, తిండి, అద్దె కలిపితే లక్ష డాలర్లు దాటుతుంది. 2013 మే నెలలో డాలరు 55 రూపాయల ప్రాంతంలో ఉండె. ఆగస్టు 28న 68 దాటింది. అంటే అదే సీటు, మూడు నెలల్లో 55 లక్షల నుంచి 68 లక్షలు. ఆ తర్వాత కొంచెం దిగింది గానీ మళ్లీ ఎక్కదని ఎవరు చెప్పగలరు? ఎమ్మెస్ చేసి సాఫ్ట్‌వేర్‌లో చేరినవాడు అప్పు తీర్చగలడు. ఇందులో మొదటి జీతం సాఫ్ట్‌వేర్ జీతంలో సగం ఉంటే అదృష్టమే అనుకోవాలి. కనుక నా మాట కటువుగానే ఉంటుంది: విదేశీ విద్యార్థిగా వచ్చేవాడు సగం ఫీజన్నా స్కూలే భరించకపోతే రావద్దు. భూమి అమ్మి అసలే రావద్దు. మా బావకు అదే చెప్పాను. "నువ్వు పోయినవు గదా, వాడు పోవద్దా" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర మంచి జవాబు లేదు. నేను వచ్చిన దారిలో ఉద్యోగాలు వరుస కట్టి ఉండె, ఈ దారిలో లేవు. అంతే తేడా.

ఫీజు భరించే స్కూళ్లు లేకపోలేదు. ప్రిన్స్‌టన్‌లో 2020 దాకా వుడ్రో విల్సన్ పేరుతో ఉన్న స్కూలు తక్కువ మందిని తీసుకుంటుంది, తీసుకున్న దాదాపు అందరికీ ట్యూషన్ తానే కడుతుంది. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఆస్టిన్‌లోని ఎల్‌బీజే స్కూలు, మినెసోటాలో హంఫ్రీ స్కూలు, శాన్ డియాగోలో పసిఫిక్ దేశాల మీద దృష్టి పెట్టిన స్కూలు ప్రైవేటు వాటికంటే చవక. జెనీవాలో గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నది, ఫీజు అమెరికాతో పోలిస్తే చాలా తక్కువ, యూఎన్ ఆఫీసులు పక్కనే. ఊరు మాత్రం ఖరీదైనది. లండన్ ఒక్క ఏడాదిలో అయిపోతుంది. ఇవేవీ వద్దు, విషయం కావాలి అంటే జేఎన్‌యూలో అంతర్జాతీయ అధ్యయనాల స్కూలు ఉండనే ఉన్నది, ఏడాది ఫీజు కొన్ని వందల రూపాయలు. ఇండియన్ ఫారిన్ సర్వీసులో చేరాలంటే యూపీఎస్సీ పరీక్ష రాయాలి, ఏ అమెరికా డిగ్రీ అక్కర్లేదు. 2013లో ఇంత పెద్ద దేశానికి ఆ సర్వీసు అధికారులు వెయ్యి మంది కూడా లేరు. అందులో మన జిల్లాల పిల్లలు ఎందరో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. దాని గురించి ఇంకోసారి.

ఇంజనీరింగ్ చదివినవాళ్లు ఈ చదువుకు పనికిరారని కొందరు భయపడుతున్నారు. తలకిందుల మాట. హార్వర్డ్ కెనెడీ స్కూల్లో ఎంపీఏ-ఐడీ అని అంతర్జాతీయ అభివృద్ధి మీద ఒక కోర్సు ఉన్నది. దానికి మల్టీవేరియబుల్ క్యాలిక్యులస్ చదివి ఉండాలి, సూక్ష్మ, స్థూల ఆర్థికశాస్త్రాలు చదివి ఉండాలి. మొదటిది మనకు రెండో సెమిస్టర్‌లోనే అయిపోయింది. మిగిలిన రెండూ ఏ కమ్యూనిటీ కాలేజీలోనో సాయంత్రాలు చదువుకోవచ్చు. సైస్‌లో కూడా 2013లో అంతర్జాతీయ ఆర్థికశాస్త్రం అందరికీ తప్పనిసరిగా ఉండేది, పైగా ఒక విదేశీ భాష. కవిత్వం లాంటి వ్యాసాలు రాసేవాళ్లు అక్కడ లెక్కల దగ్గర తడబడతారు. మనవాళ్లు లెక్కల్లో దూసుకుపోయి రాతల దగ్గర ఆగిపోతారు. కనుక ఇంజనీర్లకు నా సలహా: లెక్కలు ఎక్కువ ఉన్న కోర్సు ఎంచుకోండి, డేటా పని వదలకండి. వీసా దగ్గరా ఉద్యోగం దగ్గరా ఆ నైపుణ్యమే ఆదుకుంటుంది. "సాఫ్ట్‌వేర్ నుంచి తప్పించుకోవడానికి" అని వచ్చేవాళ్లకు ఇది నచ్చదు. తప్పించుకోవడానికి ఇంతకన్నా చవకైన మార్గాలు చాలా ఉన్నాయి.

ఇక్కడ పుట్టిన పిల్లల సంగతి పూర్తిగా వేరు. వాళ్లకు ఆ మూసిన తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. 2013లో విదేశాంగ శాఖలో చేరతామని మాటిస్తే పికరింగ్, రాంగెల్ ఫెలోషిప్‌లు మాస్టర్స్ ఖర్చు చాలావరకు భరించేవి. చదివాక కొన్నేండ్లు ఆ శాఖలో పనిచేయాల్సి ఉండేది. భాషల కోసం ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన ఫ్లాస్ ఫెలోషిప్ 2013లో పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ దొరికేది. అది తెలుగుకు కూడా ఇచ్చేవారని మన తల్లిదండ్రుల్లో ఎందరికి తెలుసు? ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లీషు పాడవుతుందని భయపడ్డ ఇండ్ల పిల్లలు అప్పుడు యూనివర్సిటీలో చేరి, అమెరికా ప్రభుత్వం డబ్బుతో తెలుగు నేర్చుకునేవారు. ఈ మాట ఒక మిత్రుడికి చెప్తే కోపం వచ్చింది. వాళ్లమ్మాయికి మాత్రం నవ్వొచ్చింది. ఆమెకు గల్ఫ్ కార్మికుల మీద పనిచేయాలని ఉన్నది. నిజామాబాద్ కూలీతో దుబాయి క్యాంపులో కూర్చొని దుబాసీ లేకుండా మాట్లాడగలగడం ఏ ర్యాంకింగ్‌లోనూ కనపడని అర్హత. ఆ నలుగురిలో నేను సందేహం లేకుండా "చదువు" అన్నది ఆమెకే.

మా నలభై ఏండ్ల మిత్రుడికి ఇంటి అప్పు ఉన్నది, ఇద్దరు పిల్లలున్నారు. ఆయన ఉద్యోగం మానితే ఇల్లు గడవదు. అట్లాంటివాళ్లకు ఎన్‌వైయూలో సాయంత్రం తరగతులతో గ్లోబల్ అఫైర్స్ మాస్టర్స్ ఉన్నది, ఫ్లెచర్‌లో 2013లో జీమ్యాప్ అని మూడుసార్లు రెండేసి వారాలు కలుసుకుని మిగతాది ఇంటి నుంచి చేసే ఏడాది కోర్సు ఉండేది. కెనెడీ స్కూల్లో అనుభవం ఉన్నవాళ్లకు ఏడాది ఎంపీఏ ఉన్నది. అన్నీ ఖరీదే. నేనూ వీటిని మూడేండ్లుగా చూస్తున్నాను, ఇంకా దేంట్లోనూ చేరలేదు, బహుశా చేరను. ఆయనకు చెప్పింది ఇది: నీకు కావాల్సింది డిగ్రీనా, విద్యనా? విద్య అయితే ఒక సెమిస్టర్ పాటు ఒక్క ఆర్థికశాస్త్రం క్లాసు చెయ్యి, కాగ్ నివేదిక ఒకటి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువు, దాని మీద రెండు పేజీలు రాసి పంపు. అది చేశాక ఇంకా ఆకలి ఉంటే అప్పుడు దరఖాస్తు పెట్టు. ఆగస్టులో చెప్పాను. అక్టోబర్‌లో రెండు పేజీలు వచ్చాయి. మిషన్ కాంపౌండ్ బడి పిల్లాడి రాతలా ఉన్నది గానీ, విద్యుత్ సబ్సిడీ మీద అందులో ఉన్న లెక్క నేను ఎక్కడా చూడనిది.

దేశంలో ఉన్న పిల్లలకు ఒక దారి చెప్తాను, మా మేనల్లుడికీ ఇదే చెప్పాను. ఈ స్కూళ్లు రెండు మూడేండ్ల సంబంధిత అనుభవం ఉన్నవాళ్లను ఇష్టపడతాయి. టెస్టింగ్ అనుభవం ఆ లెక్కలోకి పెద్దగా రాదు. ఢిల్లీలో పీఆర్ఎస్ వాళ్లు ఏడాది పాటు ఒక ఎంపీ దగ్గర సహాయకులుగా పెట్టే ల్యాంప్ ఫెలోషిప్ ఉన్నది. 2013లో ఆదిలాబాద్, ఖమ్మం లాంటి జిల్లాల్లో కలెక్టర్ దగ్గర పనిచేసే ప్రధానమంత్రి గ్రామీణాభివృద్ధి ఫెలోలు ఉండేవారు. జీతం తక్కువ, ఎండ ఎక్కువ. కానీ ఒక జీవో ఎట్లా పుడుతుందో, ఊరికి చేరేసరికి ఏమవుతుందో అక్కడ తెలుస్తుంది. రెండేండ్లు అట్లా తిరిగొచ్చినవాడు రాసే దరఖాస్తు వ్యాసం వేరేగా ఉంటుంది. ఇప్పుడు వాడు పంపిన వ్యాసం "బాల్యం నుంచీ నాకు ప్రపంచ శాంతి మీద ఆసక్తి" అని మొదలైంది. కొట్టేశాను. ఊర్లో పొద్దుగాల వచ్చే దుబాయి ఏజెంటు గురించి, వాడు ఎంత తీసుకుంటాడు, ఏ కాగితం చేతిలో పెడతాడు, దాని మీద ఏం రాసి ఉంటుంది, అది తెలుసుకుని రాసి పంపమన్నాను.

చాలా స్కూళ్లకు గడువు డిసెంబర్ చివర, జనవరి మొదట్లో. ఈ ఏడాది పెట్టేవాళ్లు మేనేజర్ దగ్గర సిఫారసు లేఖ తీసుకునేటప్పుడు, నువ్వు జావా ఎంత బాగా రాస్తావో కాకుండా, ఒక క్లిష్టమైన విషయాన్ని అది తెలియనివాళ్లకు ఎట్లా చెప్పి ఒప్పించావో రాయమని అడగండి. మా బావ భూమి బేరం ప్రస్తుతానికి ఆగింది. మావాడు ఏజెంటు గురించి రెండు పేజీలు పంపుతానని దసరాకు అన్నాడు. ఇంకా రాలేదు, ఎదురుచూస్తున్నాను.